పవన్ గోయెంకా: దేశానికి దక్కినది ఇంజనీరా, అధికారా?

నూనెపొర: పవన్ గోయెంకా అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పూర్తిచేసి, 1979 నుంచి 14 ఏళ్లు జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో పనిచేశారు. ఇంజను తిరుగుతున్నప్పుడు తిరిగే ఇరుసును మోసే బేరింగులోని నూనె పొర ఎంత పలచబడుతుందో త్వరగా లెక్కగట్టే పద్ధతిపై ఆయన రాసిన పత్రాలు ఆ రంగంలో నిలిచిపోయాయి. అంతటివారు 1993లో వాహనాల సంస్థ మహీంద్రాకు వచ్చి, పదేళ్లు తిరిగేసరికి అధికారి అయ్యారు. మనం ఒక పరిశోధకుణ్ణి పోగొట్టుకున్నామనే నా అభిప్రాయం.

గోదావరిగట్టు: ఒప్పుకోలేను. అంతవరకు జీపుల వారసత్వం మీదే నడిచిన సంస్థలో, ఆయన నాసిక్‌లో కూడగట్టిన యువ బృందం 2002లో స్కార్పియోను రోడ్డెక్కించింది. బండి మొత్తాన్ని మొదటి గీత నుంచి ఊహించే అవకాశం ఆ కుర్రవాళ్లకు అంతకుముందు ఎక్కడ దొరికింది?

డీజిల్‌బండి: అందులో పెట్రోలు ఇంజను ఫ్రాన్సు కార్ల సంస్థ రెనోది కదా!

నూనెపొర: అదే నేనూ అంటున్నాను. బయటివారి భాగాలను కూర్చడాన్ని డిజైన్ అనవచ్చా?

గోదావరిగట్టు: పెట్రోలు ఇంజను రెనోదే, కాదనను, డీజిల్ ఇంజను మాత్రం మహీంద్రాదే. అయినా ఏ భాగం ఎవరికి అప్పగించాలి, ఎవరి లెక్కను నమ్మాలి, ఎక్కడ అడ్డుచెప్పాలి అన్నది బేరింగు లెక్క తెలిసినవాడే తేల్చగలడు. అది ఇంజనీరింగ్ కాదంటే నాకు బాధ కలుగుతోంది.

నూనెపొర: బాధ సంగతి నన్ను అడగండి. ఒక విడిభాగాల సంస్థలో 19 ఏళ్లు డిజైన్ విభాగంలో ఉన్నాను. డ్రాయింగు పని వదిలి మేనేజరుగా వెళ్లనన్నందుకు నా జీతం అక్కడే ఆగింది. నా దగ్గర పని నేర్చుకున్న అబ్బాయి నాకే పై అధికారిగా వచ్చాడు. పేరున్న ఇంజనీర్లందరూ పై కుర్చీకే వెళితే, ఎదుగుదలంటే అదొక్కటేనని సంస్థలు అనుకోవా?

గోదావరిగట్టు: ఈ మాట మొదటే చెప్పి ఉంటే రెనో దగ్గర ఇంతసేపు ఆగేవాళ్లం కాదు. అధికారిగా ఆయన హయాంలో జరిగినవన్నీ నేను సమర్థించను. మహీంద్రా 2011లో కొన్న కొరియా కార్ల సంస్థ సాంగ్‌యాంగ్ 2020 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. కానీ ఆ కుర్చీలో ఇంజనీరు లేకపోతే, కొత్త బండికి ఏళ్ల తరబడి డబ్బు పెట్టమని యాజమాన్యాన్ని ఒప్పించేదెవరు?

నూనెపొర: ఒప్పించవలసిందే, నేను కాదనడం లేదు. అలా పైకి వెళ్లిన ఇంజనీరు, డ్రాయింగు బల్ల దగ్గరే ఉండిపోతామన్నవారికి అక్కడే హోదా, జీతం పెరిగే ఏర్పాటు చేయాలి. మా దగ్గర పైకి వెళ్లిన ముగ్గురూ ఇంజనీర్లే, ఒక్కరూ చేయలేదు.