ప్యాకింగ్ పనిలో చేరనా, జర్మన్ పూర్తయ్యేదాకా ఆగనా? నేను నర్సుని

ఖమ్మం నర్సు, బోబ్లింగెన్ (అక్టోబరు 2025)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఏడేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. మా ఆయనది కార్ల సాఫ్ట్‌వేర్ పని. ఈ జనవరిలో బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్) మీద జర్మనీ వచ్చారు. నేను ఫిబ్రవరిలో వచ్చాను. స్టుట్‌గార్ట్ పక్కన బోబ్లింగెన్‌లో ఉంటున్నాం. బ్లూ కార్డు వాళ్ళ భార్యకు వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదన్నారు కాబట్టి భాష నేర్చుకోకుండానే విమానం ఎక్కాను. ఇక్కడ దిగాక నేను బాధపడిన మొదటి విషయం అదే.

ఇల్లు దొరికేసరికి ఏప్రిల్ వచ్చింది. మూడు నెలల అద్దె డిపాజిట్ కట్టి తాళం తీస్తే వంటగదిలో కుళాయి గొట్టం, కరెంటు ప్లగ్గులు తప్ప ఏమీ లేవు. ఇక్కడ చాలా ఇళ్ళు అంతేనట, వంటగట్టు, సింకు కూడా మనమే పెట్టించుకోవాలి. మూడు వారాలు ఒక్క ఇండక్షన్ స్టవ్ నేల మీద పెట్టుకుని వండాను. గిన్నెలు బాత్‌రూమ్‌లో కడిగాను. ఇప్పుడు అన్నీ అమిరాయి. ఆదివారం చప్పుడు చేయకూడదు కాబట్టి శనివారమే మిక్సీ వేసి ఇడ్లీ పిండి రుబ్బి, ఓవెన్‌లో లైటు వేసి లోపల పెడుతున్నాను, పొద్దునకల్లా పొంగుతోంది. మా తలుపుకి ‘కేర్‌వోఖె’ అని రాసిన పలక వేలాడిన వారం మెట్లు ఊడ్చి తుడిచే వంతు మాది. కింద ఇంట్లో ఉండే పెద్దామె మొదటి వారం నాతో పాటు చీపురు పట్టుకుని చూపించారు. ఆమె చెప్పిన దాంట్లో నాకు అర్థమైంది రెండే మాటలు. కానీ ఇప్పటికీ ఆమెను చూస్తే మా అమ్మమ్మని చూసినట్టుంటుంది.

ఇక అసలు సంగతి. సెప్టెంబరులో ఒకరోజు మా స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద నా ముందు నిలబడ్డ ఒక పెద్దాయన కూలబడిపోయారు. డెబ్బై పైనే ఉంటాయి. శ్వాస ఆడుతోంది, ఒళ్ళంతా చెమట, ముఖం తెల్లబడిపోయింది. వెల్లకిలా పడుకోబెట్టి, నా బ్యాగు మీద కాళ్ళు ఎత్తిపెట్టి నాడి పట్టుకున్నాను. నిమిషానికి 46. ఎవరో 112కి ఫోన్ చేశారు. అంబులెన్స్ వాళ్ళు వచ్చి పుల్స్ ఎంత అని అడిగారు. ఆ ప్రశ్న అర్థమైంది. నలభై ఆరు అని చెప్పబోయి అరవై నాలుగు అని చెప్పాను. ఇక్కడ ‘ఆరూ నలభై’ అన్నట్టుగా ఒకట్లు ముందు చెప్పి, పదులు తర్వాత చెబుతారు కదా, అక్కడ తిరగబడింది. నోట్లోంచి రాగానే తప్పని తెలిసి, ఫోన్‌లో 46 అని కొట్టి చూపించాను. అంబులెన్స్ ఆయన తల ఊపి, గబగబా ఇంకో మూడు ప్రశ్నలు అడిగారు. ఒక్కటీ అర్థం కాలేదు. లేచి పక్కకు జరిగి నిలబడ్డాను. ఆ పెద్దాయన్ని స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు కళ్ళు తెరిచి చూశారు, అది మాత్రం చూశాను.

ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఏడేళ్ళలో నేను ఏ డాక్టరుకీ తప్పు అంకె చెప్పలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. జర్మన్‌లో ఏ2 (రెండో మెట్టు) పరీక్ష పోయిన నెలలో పాసయ్యాను. మా కోర్సులో ఒకామె పనిచేసే గోడౌన్‌లో ప్యాకింగ్‌కి మనుషులు కావాలట, సాయంత్రాలు మినీజాబ్, భాష అక్కర్లేదు. మా ఆయన వద్దంటున్నారు, “నువ్వు నర్సువి, ఆ చదువు వదలకు, ఏడాది పట్టినా నేను చూసుకుంటాను” అంటున్నారు. కానీ వాళ్ళ ఆఫీసులో ఈ మధ్య మనుషుల్ని తగ్గిస్తున్నారు. రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నారు, నాకు చెప్పకపోయినా ఆయన టెన్షన్ నాకు తెలుస్తోంది. అత్తమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా “ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదమ్మా, ఇప్పుడే ఒక పిల్లనో పిల్లాడినో కనెయ్యి” అంటుంది. ఆమె ప్రేమగానే అంటుంది. ఆ ‘ఖాళీగా’ అన్న మాట మాత్రం నాకు రోజంతా గుచ్చుకుంటుంది.

ప్యాకింగ్‌కి వెళ్తే చదువు వెనకబడుతుందా? నర్సు గుర్తింపుకి భాష పూర్తయ్యాక దరఖాస్తు పెట్టాలా, ముందే పెట్టొచ్చా? ఈ దారిలో నడిచినవాళ్ళు చెప్పండి.

---

స్టుట్‌గార్ట్ అన్న

చెల్లెమ్మా, నేను పన్నెండేళ్ళుగా ఇక్కడ ఉన్నాను. డబ్బు లెక్క వరకు చెబుతాను.

మినీజాబ్ అంటే ఈ 2025లో నెలకు 556 యూరోల దాకా. కనీస వేతనం గంటకు 12.82, అంటే నెలకు 43 గంటలు. ఆ హద్దు దాటనంతకాలం మీ ఆయన హెల్త్ ఇన్సూరెన్స్‌లోనే ఉంటావు, వేరే కట్టక్కర్లేదు (ఆయనది ప్రభుత్వ బీమా అయితేనే). ఆయన పన్ను క్లాసు 3 (ఇంట్లో ఒక్కరి సంపాదనే ఉన్నప్పుడు జీతంలో పన్ను తక్కువ కోసే క్లాసు) ఉంటే దానికీ ఇబ్బంది రాదు. ఇంకా 4లోనే ఉంటే వెంటనే మార్పించుకోండి, నీకు జీతం లేని ఈ రోజుల్లో చేతికి వచ్చేది బాగా పెరుగుతుంది.

బావగారి ఉద్యోగం గురించి ఒక్క మాట. నిరుద్యోగ భృతి రావాలంటే 12 నెలలు బీమా కట్టిన ఉద్యోగం ఉండాలి. జనవరిలో చేరారు కాబట్టి చేరిన తేదీ నుంచి ఏడాది నిండితే ఆ లెక్క సరిపోతుంది. ఆఫీసులో ఎవరైనా ఏదైనా కాగితం పెట్టి సంతకం చేయమంటే ఆ రోజే చేయొద్దని చెప్పు. ఇంటికి తెచ్చుకుని, చదివించుకుని చేయాలి.

ప్యాకింగ్ మాత్రం నాకు నచ్చలేదు. అక్కడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముందు డబ్బాలు, మాట్లాడే పనే రాదు. అదే 43 గంటలు వృద్ధాశ్రమంలో అడుగు. భోజనం వడ్డించడానికి, పెద్దవాళ్ళతో కూర్చోవడానికి ఏ2 వాళ్ళను కూడా కొన్నిచోట్ల తీసుకుంటున్నారు.

---

ఉల్మ్ అక్క (గుంటూరు)

తల్లీ, నీ 46 దగ్గర ఆగిపోయాను. నేనూ నర్సునే. నేను చేరిన కొత్తలో డ్యూటీ మారేటప్పుడు షుగర్ రీడింగ్ తిరగేసి చెప్పాను. పక్కనున్న సిస్టర్ షీటులో చూసి సరిదిద్దింది. ఆ తర్వాత ఆరు నెలలు బస్సు నంబర్లు, కార్ల నంబరు ప్లేట్లు, షాపు రసీదులు, కనిపించిన ప్రతి అంకెనీ పైకి చదివేదాన్ని. మా ఆయన బీపీ మిషన్ పెట్టుకుని కూర్చుంటే నేను రీడింగ్ జర్మన్‌లో చెప్పేదాన్ని, ఆయన రాసేవారు. నువ్వూ ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు. ఇప్పటికీ ఫోన్‌లో అంకెలు చెబితే నేను అవతలివాళ్ళ చేత మళ్ళీ చెప్పించుకుంటాను. ఇక్కడివాళ్ళు కూడా అలాగే చేస్తారు, అందులో నామోషీ ఏమీ లేదు.

దరఖాస్తు ఇప్పుడే పెట్టు. భాషలో నాలుగో మెట్టు బీ2, ఆ సర్టిఫికెట్ చివర్లో ఇచ్చినా సరిపోతుంది. మన రాష్ట్రంలో, అంటే బాడెన్ వుర్టెంబెర్గ్‌లో, నర్సుల గుర్తింపు చూసేది స్టుట్‌గార్ట్‌లోని రెగీరుంగ్స్‌ప్రెసీడియుమ్ అనే ప్రభుత్వ ఆఫీసు. వాళ్ళకు డిగ్రీ, మార్కుల మెమోలు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పనిచేసిన ఆసుపత్రి సర్టిఫికెట్లు కావాలి. వీటన్నిటికంటే ముఖ్యం ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు క్లాసులో, ఎన్ని గంటలు వార్డులో చేశావో చూపించే కాగితం. మనవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. అది కాలేజీలో రాయించి, యూనివర్సిటీ ముద్ర వేయించాలి. నువ్వు రాష్ట్రం విడిపోకముందు చేరి ఉంటే నీ డిగ్రీ విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీదే అయి ఉంటుంది, వరంగల్ కాళోజీ యూనివర్సిటీకి వెళ్ళి లాభం లేదు. ఆ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్సార్ అని మారి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ అయింది. ఒక్కో కాగితం మీద ఒక్కో పేరుంటే ఇక్కడివాళ్ళు అవి రెండు యూనివర్సిటీలనుకుంటారు, ఒక వాక్యంలో ముందే రాసి పెట్టు.

పేరు కూడా చూసుకో. మెమోల మీద ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్ళయ్యాక ఇంకోటి. ఇవన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించు. అనువాదాలు ఇక్కడ కోర్టు గుర్తించిన అనువాదకుల చేత చేయించుకుంటే మళ్ళీ అడగరు.

మన డిగ్రీకి నేరుగా ‘సమానం’ అని రావడం అరుదు. ఇన్ని గంటలు తక్కువని ఉత్తరం వస్తుంది. దాన్ని చూసి గుండె జారిపోవద్దు, నాకూ వచ్చింది. అప్పుడు రెండు దారులు. ఒకటి, ఆసుపత్రిలో కొన్ని నెలలు పనిచేస్తూ ఆ లోటు పూర్తిచేయడం. రెండోది, కెంట్‌నిస్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష, వార్డులో నిజం పేషెంటుతో ఒక భాగం, నోటితో చెప్పేది ఒక భాగం. నేను రెండోది రాశాను. ఏ దారిలోనైనా చాలా ఆసుపత్రులు నీకు సహాయకురాలిగా జీతం ఇస్తూనే సిద్ధం చేయిస్తాయి.

ఇంకొకటి ఎవరూ ముందే చెప్పరు. హైదరాబాద్ ఐసీయూలో ఐవీ నువ్వే పెట్టి ఉంటావు, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం ఆయాలు చేసి ఉంటారు. ఇక్కడ చాలా వార్డుల్లో ఐవీ డాక్టరు పెడతారు, పేషెంటుకి స్నానం చేయించేది నర్సు. మొదటి నెల నాకు చాలా కష్టంగా అనిపించింది, నా చదువు తగ్గించారనుకున్నాను. తర్వాత ఒకరోజు ఒకామెకు వీపు తుడుస్తుంటే నడుము కింద ఎర్రబడిన చోటు కనిపించింది. పుండు పడకముందే పట్టుకున్నాను. అప్పటినుంచి ఆ పని ఇంకొకళ్ళకు ఇవ్వాలనిపించలేదు.

అందుకే స్టుట్‌గార్ట్ అన్న చెప్పిన వృద్ధాశ్రమం మాటే నాదీను.

---

బెర్లిన్ నుంచి (విశాఖ)

అన్నగారు చెప్పినదానికి నేను ఒప్పుకోను. నేను వైజాగ్‌లో లెక్కల టీచర్ని. ఇక్కడికొచ్చాక ఏడు నెలలు ప్యాకింగ్ చేశాను. నా లైనులో టర్కీ ఆమె, ఉక్రెయిన్ ఆమె, సిరియా ఆయన. మా నలుగురికీ ఉన్నది ఒక్క జర్మనే, అదీ తప్పుల తడక. ఎవరూ నవ్వరు కాబట్టి నోరు తెరిచాను. క్లాసులో ఏడాది కూర్చున్నా రాని మాట అక్కడ వచ్చింది.

ఇంకో విషయం కూడా ఉంది. మొదటి జీతం నా అకౌంట్లో పడిన రోజు అమ్మకి చీర కొనుక్కోమని ఐదు వేలు పంపాను, ఎవర్నీ అడగకుండా. మా ఆయన ఎప్పుడూ లెక్క అడగలేదు. అయినా అడగకుండా పంపడం వేరు. ఆ ఏడు నెలలు నన్ను నిలబెట్టింది ఆ పనే. మీకు లోపల ఎంత ఉక్కగా ఉందో మీకే తెలుసు. ఊపిరాడకపోతే ముందు ఏదో ఒక పనిలో చేరండి, అది ఎప్పుడైనా మానేయొచ్చు.

కొత్తగా వచ్చినవాళ్ళకుండే ప్రభుత్వ ఇంటిగ్రేషన్ కోర్సుకి దరఖాస్తు పెట్టారా? 600 క్లాసులు భాష, 100 క్లాసులు ఇక్కడి చట్టం, చరిత్ర, బీ1 దాకా ఉంటుంది. మీరు ఏ2 అయిపోయారు కాబట్టి మధ్యలో చేర్చుకుంటారు. ఫీజులో సగమే మనం కట్టాలి. ఇక్కడ ఉండే పర్మిట్ వచ్చిన ఏడాదిలోపు అడగండి.

---

ఖమ్మం నర్సు, బోబ్లింగెన్ (రెండు వారాల తర్వాత)

అక్కా, అన్నా, బెర్లిన్ చెల్లీ, మీ మాటలు మా ఆయనకు చదివి వినిపించాను. అక్క రాసిన వీపు తుడిచే దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేకపోయాం.

నేను 2012లో చేరాను, అక్క చెప్పినట్టు నాది విజయవాడే. నాన్న పోయిన గురువారం ఖమ్మం నుంచి బండెక్కి వెళ్ళి వచ్చారు. ముందు కాలేజీలో గంటల కాగితం రాయించుకుని రమ్మన్నారట, ఇప్పుడు ఆ పని మీద ఉన్నారు. ఆయనకు 63 ఏళ్ళు. నా కోసం ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారంటే మనసు ఆగడం లేదు, కానీ ఫోన్‌లో ఆయన గొంతు చాలా హుషారుగా ఉంది.

మా ఆయన కూడా తన టెన్షన్ సంగతి బయటపెట్టారు. పన్ను క్లాసు మేము ఇంకా 4లోనే ఉన్నాం, మార్చమని దరఖాస్తు పెట్టాం. ఇంటిగ్రేషన్ కోర్సుకి కాగితం పంపాను, జవాబు రావాలి.

ప్యాకింగ్‌కి వెళ్ళలేదు. కింద ఇంటి పెద్దామెకు, వచ్చీరాని మాటల్లో, పెద్దవాళ్ళ దగ్గర పని కావాలని చెప్పాను. ఆమె చెల్లెలు ఉండే వృద్ధాశ్రమానికి ఆమే తీసుకెళ్ళారు. నవంబరు మొదటి వారం రెండు రోజులు ఊరికే వచ్చి చూసి వెళ్ళమన్నారు. నచ్చితే వారానికి మూడు సాయంత్రాలు, భోజనాల వేళ. అత్తమ్మకి ఆ మాట చెబితే కాసేపు ఆగి, “అక్కడి ముసలివాళ్ళకు కూడా ఎవరైనా ఉండాలి కదా తల్లీ” అంది. పిల్లల మాట ఎత్తలేదు.

రాత్రి అన్నం తిన్నాక మా ఆయన రెండంకెల సంఖ్యలు వరసగా చెబుతున్నారు, నేను జర్మన్‌లో తిరిగి చెబుతున్నాను. నిన్న యాభైలో మూడు తప్పాను.

అక్కా, ఇంకొక్కటి చెప్పు. గంటల కాగితం మీద ప్రిన్సిపల్ సంతకం ఇప్పుడున్నవాళ్ళది సరిపోతుందా, మా బ్యాచ్ అప్పటి వాళ్ళదే కావాలా? నాన్న సోమవారం మళ్ళీ కాలేజీకి వెళ్తున్నారు.

---

ఉల్మ్ అక్క (గుంటూరు)

నాది ఇప్పుడున్న ప్రిన్సిపల్ సంతకంతోనే తీసుకున్నారు తల్లీ. కాకపోతే ప్రతి పేజీ మీదా కాలేజీ ముద్ర, తేదీ ఉండేలా చూడమను. రెండు కాపీలు చేయించమను, ఒకటి నాన్న దగ్గరే ఉండాలి. ఆయన్ని ఎండెక్కకముందే బయల్దేరమని చెప్పు.