మా జేజి గురించి చిన్న పుస్తకం రాయాల, ఏమేం పెట్టాలో చెప్పండి

ఆత్మకూరు మనవరాలు:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా ఆత్మకూరు, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా కర్నూలే వస్తుంది. మా జేజి, అంటే మా నాయనోళ్ల అమ్మ, పోయిన ఉగాది అయిన కొద్దిరోజులకే కాలం చేసింది. సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకు ఒక చిన్న పుస్తకం ఇద్దామని ఇంట్లో అనుకున్నారు, రాసే పని నాకు అప్పజెప్పినారు. మా చిన్నాయన ఒక పేజీ రాసిచ్చినాడు. గొప్ప భక్తురాలు, దానగుణం, ఐదుగురు పిల్లలు, అందర్నీ ప్రయోజకుల్ని చేసింది, నిండు జీవితం అని. ఒక్క మాట కూడా అబద్ధం లేదు దాంట్లో, కానీ అందులో మా జేజి కనపడల్యా నాకు. ఎవరింట్లో పెద్దామె పోయినా పేరు మార్చి అదే పేజీ వేసుకోవచ్చు.

మా జేజి పుట్టినూరు ఇప్పుడు లేదు. 1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. ఆమె తమ్ముళ్లు, వాళ్ల పిల్లలు మూటాముల్లె కట్టుకోని మా ఇంటికే వచ్చినారంట, చానా నెలలు ఈన్నే ఉన్నారంట. సంగమేశ్వరం గుడి కూడా ఆ నీళ్లలోనే ఉండిపోయింది కదా, ఎండాకాలం నీళ్లు దిగి గుడి బయటపడిందని తెలిస్తే చాలు, మోకాళ్లు నొప్పులున్నా సరే పోవాల్సిందే. ఆ వేపమాను లింగానికి బురద కడిగి మొక్కేది, తర్వాత గట్టు మీద నిలబడి నీళ్ల కల్లా చెయ్యి చూపించి అదో ఆ పక్క మా ఇల్లు, ఆ పక్క చింతమాను, ఆడ మా అమ్మ వడ్లు దంచేది అని చెప్పేది. మాకు నీళ్లే కనపడేవి.

ఇంకొకటి. ఉగాది ముందు కర్ణాటక నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భక్తులు మా ఊరి మీదుగానే పోతారు. వాళ్లకు జేజి మా ఇంటి ముందర పందిరేయించి మజ్జిగ, అంబలి, జొన్నరొట్టె, శెనక్కాయల పొడి పెట్టేది. కాళ్లు బొబ్బలెక్కినోళ్లకు వేన్నీళ్లు పోసి ఆముదం రాసేది. ఎవరన్నా వద్దమ్మా అని కాళ్లు వెనక్కి తీసుకుంటే, నువ్వు మల్లన్న దగ్గరికి పోతాండావు, నేను పోలేను, నా మొక్కు ఈ కాళ్లకే అనేది.

అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆమె పుట్టిన సంవత్సరం ఎవరికీ తెలీదు, ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. పెండ్లప్పుడు మాత్రం కర్నూలే రాజధాని అని, బట్టలు తెచ్చేదానికి పోయిన వాళ్ల నాయన ఆడ గుడారాల్లో ఆఫీసులు చూసొచ్చినాడని చెప్పేది. రెండు, ఏడాది తిరగలేదు కాబట్టి ఈసారి పందిరి వద్దని చిన్నాయన అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

నందికొట్కూరు సారు:

అమ్మాయీ, మీ జేజి నీకు లెక్క ఇచ్చే పోయింది. కర్నూలు రాజధానిగా ఉన్నది 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 వరకే, తర్వాత హైదరాబాదుకు పోయింది. అప్పుడు బిల్డింగులు చాలక నిజంగానే గుడారాల్లో ఆఫీసులు నడిపినారు. అంటే పెండ్లి ఆ మూడేండ్లలోనే. పెండ్లినాటికి పద్నాలుగేండ్లు అనుకుంటే పుట్టింది 1940 అటూఇటూ. "1940 ప్రాంతంలో" అని రాసి, ఎట్ల లెక్కేసినారో కూడా రాయి, ఆధార్ తేదీ మాత్రం ఎక్కించొద్దు. మా బడిలో కూడా పుట్టినరోజు తెలీని పిల్లోళ్లకు ఏదో ఒక తేదీ వేసేవాళ్లం, జీవితాంతం అదే నిలిచిపోతుంది.

ముంపు గురించి మటుకు వివరంగా రాయి తల్లీ. కర్నూలు, మహబూబ్‌నగర్ రెండు జిల్లాల్లో ఊర్లకు ఊర్లు పోయినాయి. గుళ్లు కొన్ని రాళ్లు విప్పుకోని పోయి కట్టినారు, మా కర్నూలు జగన్నాథగట్టు మీదున్న రూపాల సంగమేశ్వరుని గుడి అట్ల వచ్చిందే. ఇండ్లను ఎవరు విప్పి కడతారు? మీ జేజి తమ్ముళ్లు బతికుంటే నష్టపరిహారం కాయితాలు అడిగి చూడు, వాటిలో సర్వే నంబరు, ఇంటి కొలతలు ఉంటాయి. లేకుంటే ఒక తెల్లకాయితం ఇచ్చి, ఊరి బొమ్మ గీయమను, ఎవరిల్లు ఎక్కడ, బావి ఎక్కడ, మసీదు ఎక్కడ అని. ఆ తరం పోతే ఆ ఊరు ఎవరికీ తెలీదు. ఈ పని పుస్తకం కంటే ముందు చెయ్యి, ఈ వారమే చెయ్యి.

బనగానపల్లె అక్క:

నేను మా అత్తకు ఇట్లాంటి పుస్తకమే చేయించినా కాబట్టి చెప్తున్నా, కొడుకుల్ని అడిగితే మా అమ్మ దేవత అంటారు, అక్కడితో ఆపేస్తారు. కోడండ్లను అడుగు. పొద్దున ఎన్నింటికి లేచేది, పొయ్యి కాడికి ఎవర్ని రానిచ్చేది కాదు, ఎవరి మీద కేకలేసేది, కోపం ఎన్నిరోజులు పెట్టుకునేది, మళ్లీ ఎట్ల మాట కలిపేది, ఇవన్నీ వాళ్లకే తెలుసు. మా అత్త నాతో పదిరోజులు మాట్లాడక, పదకొండో రోజు ఓళిగలు చేసి నా గదిలో పెట్టి పోయింది, అది పుస్తకంలో రాసినా. చదివినోళ్లందరూ ఆమెను గుర్తుపట్టింది ఆ పేజీలోనే.

పక్కింటి వాళ్లను కూడా అడగాల. ఆత్మకూరులో సాయిబుల ఇండ్లు ఎక్కువ కదా, పీర్ల పండగకు మీ జేజి చక్కెర ఇచ్చిందా, ఆ ఇండ్లలో కాన్పులకు పోయిందా, రంజాన్‌కు వాళ్లేం పంపించేవాళ్లు? ఆమె భక్తి అంటే సంగమేశ్వరం ఒకటే కాదేమో. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు కూడా ఏం చేసిందో కనుక్కో, మా ఊరి నుంచే బియ్యం, పాతచీరలు కట్టి లారీలో పంపించినాం, ఆమె ఊరికే కూర్చోనుండదు.

పందిరి సంగతి. ఏడాదిలోపు పండగ చేసుకోరు, కొత్తబట్టలు కట్టరు, నిజమే. దప్పికైనోనికి మజ్జిగ పోయడం పండగ కాదు కదమ్మా. మీ పురోహితుల్ని ఒక మాట అడిగి, ఆ మాటే మీ చిన్నాయనకు చెప్పించు, నువ్వు వాదనకు పోవద్దు.

రాయచూరు పాదయాత్రి:

నాది రాయచూరు తాలూకా, ఇంట్లో తెలుగే. మా గుంపుతో ఆ దారిన చానాసార్లు నడిచినా. మాకు భ్రమరాంబ ఇంటి ఆడబిడ్డ, మల్లయ్య అల్లుడు, ఉగాదికి చీర తీసుకోని పోతాం, కొందరు కర్రకాళ్ల మీద కూడా నడుస్తారు. కర్నూలు దాటినాక తారు కాలుతుంటుంది, ఆత్మకూరు వచ్చేసరికి ఒళ్లు అలిసిపోయి ఉంటాది, ఆడ తిని పడుకుంటేనే మర్సటి రోజు వెంకటాపురం దాటి అడవిలోకి దిగగలం. నాగలూటి వీరభద్రుని గుడి, పెచ్చెరువు, భీముని కొలను, ఆఖర్న కైలాసద్వారం మెట్లు. ఆ దారిలో నడవాలంటే ముందురోజు ఎవరో కడుపు నిండా పెట్టి ఉండాల.

ఆత్మకూరులో పందిర్లు చానా ఉంటాయి, నేను తాగింది మీ జేజి చేతి మజ్జిగే అని ప్రమాణం చేయలేను. కానీ మా గుంపులో పెద్దాయన ఒకరు ఆముదం రాసే అవ్వ గురించి ప్రతిసారీ చెప్తాడు, ఆమె కోసం మా ఊరి నుంచి కడక్ రొట్టెలు మూటగట్టుకోని వస్తాడు. ఈసారి పందిరి లేకపోతే ఆయన ఆ ఇంటి ముందర నిలబడి అడుగుతాడు. మీరు అక్కడ ఉంటే వచ్చినోళ్ల మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, కన్నడంలో చెప్తే నేను తెలుగులో రాసిస్తా.

ఆత్మకూరు మనవరాలు:

మీ అందరికీ ఎట్ల థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. అక్కా, మీరన్నట్టే మా చిన్నమ్మకు ఫోన్ చేసినా, గంటపైన మాట్లాడింది. 2009లో జేజి పెద్ద గిన్నెల్లో చిత్రాన్నం కలిపించి, కర్నూలు పోయే ట్రాక్టరు దొరికేదాకా రోడ్డు మీదే నిలబడిందంట. అంతకంటే పెద్దది ఇంకొకటి చెప్పింది. 1981లో తమ్ముళ్ల సంసారాలన్నీ వచ్చి పడినప్పుడు మా అబ్బకు, అంటే మా తాతకు, చెప్పకుండా చెవుల కమ్మలు కుదువపెట్టి జొన్నలు కొనిందంట, మళ్లీ విడిపించుకోలేదంట. మా చిన్నప్పటి నుంచి జేజి చెవుల్లో వేపపుల్లలే చూసినాం, బంగారం బరువు నాకొద్దు అనేది, మేం అదే నిజం అనుకున్నాం. చిన్నాయనకు కూడా తెలీదంట. ఈ మాట చెప్పినాక చానాసేపు ఏం మాట్లాడల్యా, తర్వాత ఆయనే తన పేజీ వెనక్కి తీసుకున్నాడు, దీంతోనే మొదలుపెట్టు అన్నాడు.

సార్, చిన్న తమ్ముడు తాత నంద్యాలలో ఉన్నాడు, ఆదివారం పోతున్నా, పెద్ద కాయితాలు, స్కెచ్‌పెన్నులు తీసుకోని. పురోహితులు కూడా అన్నదానానికి అడ్డం లేదు, పందిరికి తోరణాలు మాత్రం కట్టొద్దు అన్నారు.

రాయచూరు అన్నా, మీ గుంపు ఆత్మకూరికి ఏ రోజు చేరుతుందో, ఎంతమంది వస్తారో ముందే చెప్పండి, జొన్నలు పిండి పట్టించాల. ఆ పెద్దాయనకు జేజి లేదన్న సంగతి మీరే దారిలో నెమ్మదిగా చెప్పండి, మా గడపలో తెలిసిందంటే తట్టుకోలేడు.