రెండున్నరేళ్ళు ఎన్నికల సర్వేల్లో తిరిగాను, ఇప్పుడు రెజ్యూమేలో ఏం రాయాలి?

పల్నాటి కుర్రాడు

కౌంటింగ్ రోజుల్లో రౌండ్ రౌండ్‌కీ లెక్కలు పెట్టేవాడిగానే మీలో చాలామంది నన్ను ఎరుగుదురు. ఈసారి లెక్క కాదు, సలహా కావాలి. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

మాది నరసరావుపేట పక్కన పల్లె. 2019లో మెకానికల్ బీటెక్ అయ్యాక బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో క్వాలిటీ చెకింగ్ పనికి కుదిరాను, నెలకి 19 వేలు. చేతిలో వెర్నియర్ కాలిపర్ ఉన్నా బుర్ర మాత్రం ఎన్నికల మీదే. 2019 మే 23న ఆంధ్రాలో వైసీపీకి 151, టీడీపీకి 23, జనసేనకి 1 అని వచ్చిన రోజు లీవు పెట్టి మరీ నోటుబుక్కులో అంకెలు రాసుకున్నవాణ్ణి. 2022 జనవరిలో ఒక సర్వే ఏజెన్సీ (పేరొద్దు) 32 వేలిస్తానంటే ఇంట్లో చెప్పకుండానే మారిపోయాను.

2023లో తెలంగాణ ఎన్నికలకి నన్ను నల్గొండ వైపు వేశారు. ఉమ్మడి జిల్లాలో 12కి 11 కాంగ్రెస్‌కి, సూర్యాపేట ఒక్కటే బీఆర్‌ఎస్‌కి అని రాసి పంపాను. డిసెంబరు 3న అచ్చం అదే వచ్చింది. ఇక నా కాళ్ళు నేల మీద ఆనలేదు, ఒప్పుకుంటున్నా.

ఆ ఊపులోనే 2024 ఎన్నికలకి ఆంధ్రాలో ఉమ్మడి గుంటూరు, ప్రకాశం రెండూ నాకే అప్పజెప్పారు. 17, 12 కలిపి 29 సీట్లు, నా కింద 46 మంది కుర్రాళ్ళు. రిపోర్టులో వైసీపీకి 16 ఇచ్చాను. జూన్ 4న వచ్చినవి రెండు: దర్శి, ఎర్రగొండపాలెం. మా పల్నాడులో ఏడుకి ఏడూ, ఉమ్మడి గుంటూరు మొత్తంలో 17కి 17 టీడీపీ, జనసేన, బీజేపీ కూటమికే పోయాయి. రాష్ట్రమంతా కలిపి 164 అటు, 11 ఇటు. ఆ రోజు ఆఫీసులోనే ఉన్నాను. పొద్దున పదింటికల్లా మా బాసు టీవీ సౌండు తగ్గించేశాడు. మధ్యాహ్నానికి బిర్యానీ పార్సిళ్ళు వచ్చాయి, ముందురోజే ఆర్డరిచ్చి పెట్టుకున్నవి. ఒక్కరూ విప్పలేదు. సాయంత్రం వాచ్‌మన్ మూట కట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు.

జూన్ నెల తిరిగేలోపే ఆఫీసుకి తాళం పడింది. నాకు నాలుగు నెలల జీతం బాకీ. రిలీవింగ్ లెటరు అడిగితే "క్లయింటు దగ్గర్నుంచి డబ్బులు రానీ, అన్నీ ఒకేసారి ఇస్తాం" అన్నారు. తర్వాత ఫోనే ఎత్తలేదు. ఇప్పుడు మా మామయ్య ఎరువుల కొట్లో కూర్చుంటున్నా. యూరియా కోసం వచ్చిన ప్రతివాడూ "ఏం అబ్బాయ్, ఈసారి ఎవరొస్తారంటావ్?" అని అడగడం, పక్కవాడు నవ్వడం.

తప్పెక్కడ జరిగిందో నాకు తెలుసు. మా షీటులో పార్టీల గడులన్నీ అయ్యాక చివర్న 'చెప్పలేను' అని ఒక గడి ఉంటుంది. ఊరికి 20 మందిని అడిగితే నలుగురైదుగురు అందులో పడేవాళ్ళు. నల్గొండలో ఇంతమంది లేరు. రిపోర్టులో ఆ గడి అలాగే ఉంచితే క్లయింటుకి నచ్చదు, ఎవరో ఒకరికి పంచాలి. పింఛన్లూ అమ్మ ఒడీ అందుకున్న ఆడవాళ్ళే అందులో ఎక్కువ కదా అని నూటికి డెబ్భై వైసీపీకి పంచేశాను. నన్నెవరూ అలా పంచమనలేదు. పంచకుండా చూస్తే మెజారిటీ సీట్లలో కూటమే ముందుంది! పైగా పోలింగ్‌కి ముందు నేను హైదరాబాద్ నుంచి వస్తూ పంతంగి టోల్ దగ్గర, ఓటేయడానికి ఊళ్ళకొస్తూ బారులు తీరిన కార్ల మధ్య ఇరుక్కుపోయాను. అంత డబ్బు పెట్టుకుని, అంత ఎండలో, పిల్లల్ని వేసుకుని వస్తున్నవాళ్ళు ఉన్న ప్రభుత్వం బాగుందని చెప్పడానికి వస్తారా? నాకప్పుడు ఆ ప్రశ్న తట్టలేదు. ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా.

సరే, అడగాల్సింది ఇది. నాకు 27 దాటాయి. 2022 జనవరి నుంచి 2024 జూన్ దాకా ఏం రాయాలి? ఉన్నదున్నట్టు రాసిన ఒక ఇంటర్వ్యూలో ప్యానెల్లో ఒకాయన నా ముందే ఫోన్లో మా ఏజెన్సీ అంకె వెతికి పక్కాయనకి చూపించాడు. రాయకపోతే రెండున్నరేళ్ళు ఖాళీ.

గోడమీద పిల్లి

ఈవీఎంల మీదకి తోసేయకుండా తప్పు ఒప్పుకున్న మొదటి సర్వే మనిషివి నువ్వే. అదే రాసుకో రెజ్యూమేలో.

యాభై ఇళ్ళు

తమ్ముడూ, నీ 'చెప్పలేను' గడిలో మా వీధి కూడా ఉండే ఉంటది. మాది అద్దంకి వైపు. 2019 ఆగస్టు నుంచి గ్రామ వాలంటీరుగా చేశాను, 50 ఇళ్ళు, నెలకి 5 వేలు. ట్యాబులు పట్టుకుని సర్వే కుర్రాళ్ళు మా ఊరొస్తే ఇళ్ళు చూపించింది నేనే. ఎండన పడి వచ్చారు పాపం అని వెంట తిరిగా.

ఇప్పుడు నువ్వే ఆలోచించు. పింఛను తెచ్చిచ్చేది నేను. ఏదన్నా తేడా వస్తే పేరు తీయించేది కూడా నేనేనని వాళ్ళ భయం. నేను గుమ్మంలో నిలబడి ఉంటే ఎవరు నోరు విప్పుతారయ్యా? ఒక పెద్దావిడైతే మీ కుర్రాడి వంక కూడా చూడలా. నా మొహమే చూస్తా "అంతా బాగానే ఉంది నాయనా, ఈ అమ్మాయి ఒకటో తారీకు పొద్దున్నే తెచ్చిస్తది" అంది. వాడడిగింది ఓటు, ఆవిడ చెప్పింది పింఛను. ఏ గడిలో వేసుకున్నాడో మరి. పొలం పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ చూసి ఆవిడ కొడుకు ఎన్ని తిట్లు తిట్టాడో నాకు తెలుసు. నన్ను అడగలా, నేను చెప్పలా.

నా సంగతీ విను. 2024 మార్చి ఆఖర్న ఎన్నికల సంఘం మమ్మల్ని పింఛన్ల పంపిణీకి దూరంగా ఉండమంది. ఏప్రిల్లో ఊళ్ళో నాయకుడొకాయన ఫోన్ చేసి "అందరూ రాజీనామా చేసి ప్రచారానికి రండి, గెలిచాక మళ్ళీ మీరే" అన్నాడు. సంతకం పెట్టేశా. మా వెనక వీధి పిల్ల మాత్రం పెట్టలేదు. అవతలోళ్ళు వస్తే నెలకి 10 వేలంట అని దాని ఆశ. జులై 1న గ్రామ సచివాలయం వాళ్ళొచ్చి పింఛను 7 వేలు పంచారు, పెంచిన 4 వేలూ, మూడు నెలల బకాయి ఇంకో 3 వేలూ. మా అత్త తరపున నేనూ, వాళ్ళ నాయనమ్మ తరపున ఆ పిల్లా ఒకే అరుగు మీద కూర్చున్నాం. నాలుగేళ్ళు ఆ వేలిముద్రల మిషను మా చేతుల్లో ఉంది. ఆ రోజు అది పనిచేయక కొత్తాయన తంటాలు పడుతుంటే "వేలు తడి లేకుండా తుడిపించండి సార్" అని ఇద్దరం ఒక్కసారే అన్నాం.

ఇప్పుడు నేను జాకెట్లు కుడుతున్నా, ఆ పిల్ల ఒంగోల్లో బట్టల షాపులో చేస్తంది. రెజ్యూమేల గురించి నాకు తెలీదు. రాజీనామా చేసినోళ్ళకీ చేయనోళ్ళకీ ఒకటే అయింది, అంతవరకే తెలుసు.

అశోక్‌నగర్ చాయ్

అన్నా, నీ పోస్టు చదివి నవ్వొచ్చింది, మళ్ళ బాధైంది. నాది సూర్యాపేటనే. నువ్వు బీఆర్‌ఎస్‌కి ఇచ్చిన ఆ ఒక్క సీటు మాదే.

నేను గ్రూప్-2కి ప్రిపేర్ అయిన. 2022 డిసెంబర్ల నోటిఫికేషన్, 783 పోస్టులు. పరీక్ష 2023 ఆగస్టు అన్నరు, నవంబర్ అన్నరు, 2024 జనవరి అన్నరు, మళ్ళ ఆగస్టు అన్నరు, ఆఖరికి డిసెంబర్ 15, 16ల పెట్టిన్రు. వాయిదా పడ్డప్పుడల్ల మేం ధర్నాలకు పోయినం, అది వేరే ముచ్చట. కని నిజం చెప్పాలంటే, వాయిదా పడ్డప్పుడల్ల నా లోపల ఒకడు సంబురపడేటోడు. ఇంక మస్తు టైముంది, ఎలక్షన్ చూద్దాం అని. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి పోయి పాలిటీ పుస్తకం తెరిచి, దాని లోపల ఫోన్ పెట్టి ఇంటర్వ్యూలు చూసెటోన్ని. రూమ్ల నలుగురం, 119 సీట్లకు చార్టు గోడకు అంటించినం. కాంగ్రెస్ 64, బీఆర్‌ఎస్ 39 వచ్చింది, నేను రాసింది 63, 41. రూమ్మేట్లు నన్ను ఎత్తుకున్నరు.

పరీక్ష రాసిన. ఫలితాలల్ల నా నంబర్ లేదు. ఆ చార్టు జోలికి రాని మా రూమ్మేట్ ఒకడున్నడు, మేం గోల చేస్తుంటే బాత్రూం ముంగట కుర్చీ వేసుకొని చదివేటోడు, వానికి వచ్చింది.

నువ్వు తప్పు చెప్పినవు, నౌకరి పోయింది. నేను కరెక్టు చెప్పిన, నౌకరి రాలే. ఇప్పుడు ఉప్పల్ల ఒక గోదాంల స్టాకు రాస్తున్న, 17 వేలు. నీ రెజ్యూమేల రాసుకునేదానికి కనీసం ఒక పని ఉన్నది అన్నా. నాకు 'ప్రిపరేషన్' అని రాసుకోవాలె.

ఫీల్డ్ మాస్టారు

నేను ఇరవై ఏళ్ళుగా మార్కెట్ రీసెర్చ్‌లో ఉన్నాను. సబ్బులు, టీ పొడి, సిమెంటు, అప్పుడప్పుడూ ఓట్లు. ముందు నీ పని సంగతి చెప్పి తర్వాత చీవాట్లు పెడతాను.

రెజ్యూమేలో ఎన్నికల విశ్లేషకుడు అని ఎక్కడా రాయొద్దు. సీట్ల అంకె అసలే వద్దు. 'ఫీల్డ్ సూపర్‌వైజర్' అని రాయి. రెండు ఉమ్మడి జిల్లాల్లో 46 మంది ఇన్వెస్టిగేటర్లను నడిపావు. రోజుకి ఎన్ని ఇంటర్వ్యూలు వచ్చేవి, అందులో నూటికి ఎన్నింటికి బ్యాక్ చెక్ (అదే ఇంటిని మళ్ళీ అడిగి సరిచూడటం) చేయించావు, ఇంటికెళ్ళకుండా చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపినవాళ్ళని ఎలా పట్టుకున్నావు, అవి రాయి. మమ్మల్ని పట్టి పీడించేది ఆ చివరిదే. అది చెప్పగలిగినవాడికి పని దొరుకుతుంది. వర్క్‌షాపు ఉద్యోగం కూడా తీసేయొద్దు, కొలత తప్పిన ముక్కని పక్కన పెట్టే అలవాటు ఉందని తెలుస్తుంది.

రిలీవింగ్ లెటరు కోసం ఏడవకు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లోకి వెళ్ళి ఫారం 26ఏఎస్ తీసి చూడు. ఇలాంటి చోట్ల చాలామందిని ఉద్యోగిగా కాకుండా కన్సల్టెంటుగా చూపించి నూటికి పది టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు. కోసి కట్టి ఉంటే కట్టినవాళ్ళ పేరూ తేదీలూ అందులో ఉంటాయి. దాంతోపాటు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జత చేయి. మా కంపెనీ వెరిఫికేషన్‌కి అది చాలు. రిటర్ను వేయకపోతే కోసిన డబ్బు నీకు తిరిగి రాదు, అది కూడా గుర్తుపెట్టుకో.

ఇక చీవాట్లు. చెప్పలేనన్నవాళ్ళని నీ ఇష్టం వచ్చినట్టు పంచడం ఒక తప్పు. అంతకంటే పెద్దది, ఓటు ఎవరికో నోటితో చెప్పమనడం. గుర్తులున్న కాయితం ఇచ్చి, మడిచి డబ్బాలో వేయమంటే మనిషి మొహం చూడక్కర్లేదు. ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి వాళ్ళు ఎప్పట్నుంచో డమ్మీ బ్యాలెట్ వాడుతున్నారు. ఖర్చని మీ ఏజెన్సీలు మానేస్తాయి. పై అమ్మాయి చెప్పింది రెండుసార్లు చదువు. ఇన్వెస్టిగేటరు వెంట ఊరి మనిషి ఉంటే ఆ ఇంటర్వ్యూ చెల్లదు, ఇది మా దగ్గర మొదటి రోజు పాఠం. టీ పొడికి కూడా ఇదే రూలు, కిరాణా కొట్టాయన వెంట వస్తే అందరూ ఆయన అమ్మే రకమే తాగుతామంటారు.

ఇంకోటి. ఓడిన పార్టీకి కూడా దాదాపు 39 శాతం ఓట్లున్నాయి, సీట్లు చూస్తే 11. కూటమి 55 శాతం దాటింది. ముగ్గురు కలిసిపోయి ఎదురెదురు పోటీ అయ్యాక నాలుగైదు శాతం అటు పంచడం అంటే ఆట కాదు, నీ 29లో సగం సీట్లు ఆ చేతివాటంలోనే తారుమారయ్యాయి.

విజయవాడలో మాకు మనిషి కావాలి. 26 వేలు, తిరుగుడు ఎక్కువ. మెసేజ్ పెట్టు.

పల్నాటి కుర్రాడు

మాస్టారూ, 26ఏఎస్ తీశాను. మొదటి రెండేళ్ళవి ఉన్నాయి. ఆఖరి ఐదారు నెలలకి ఏమీ లేదు. అంటే అందులో జీతం ఇచ్చిన నెలలకి కోశారు గానీ కట్టలేదు. అయినా ఉన్నవాటితో కలిపి మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.

అశోక్‌నగర్ తమ్ముడూ, గోదాంలో స్టాకు రాయడం పనే. అది రాయి ముందు.

యాభై ఇళ్ళ అక్కా, మీరు రాసింది చదివాక నిన్న రాత్రి నా పాత షీటు తెరిచాను. లాప్‌టాప్ వాళ్ళకి ఇచ్చేశాను గానీ కాపీ నా మెయిల్లో ఉంది. అద్దంకిలో 11 ఊళ్ళు తీశాం. కుర్రాళ్ళు కామెంటు రాసుకోవడానికి ఆఖర్న ఒక గడి పెట్టాను, రిపోర్టు పంపే హడావిడిలో ఒక్కసారి కూడా అటు చూడలేదు. ఒకచోట "వాలంటీర్ అక్క చాలా సాయం చేసింది, టీ కూడా ఇచ్చింది" అని ఉంది. ఆ ఊళ్ళో 20కి 13 వైసీపీ, 6 చెప్పలేను, 1 కూటమి. మీ ఊరో కాదో అడగను. ఆ ఒక్కరు ఎవరో గానీ ధైర్యం ఉన్న మనిషి.

గురువారం బెంజి సర్కిల్ దగ్గర ఇంటర్వ్యూ. మాస్టారు ముందుగా చదువుకోమని టీ పొడి ప్రశ్నాపత్రం పంపారు. మొదటి ప్రశ్న, మీ ఇంట్లో ఏ టీ పొడి వాడతారు? కింద ఆరు బ్రాండ్లు, ఏడోది 'చెప్పలేను'. దాన్నేం చేస్తారో అడగాలి.