ఆరు నెలల అద్దె ముందే కట్టమంటున్నారు: మార్కెట్ హార్బరోలో ఇల్లు తీసుకోవాలా, మే దాకా ఆగాలా?

నల్లమల_నర్సు (2026 మార్చి 3)

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం దగ్గర పల్లె. జనవరిలో ఇంగ్లండ్‌లోని కెటరింగ్ ఆసుపత్రిలో బ్యాండ్ 5 (నర్సుల మొదటి జీతపు మెట్టు) నర్సుగా చేరాను. మా ఆయనకు లెస్టర్‌లో ఉద్యోగం ఖాయమైంది, ఏప్రిల్ మొదట్లో బాబుని తీసుకుని వస్తున్నారు. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని మార్కెట్ హార్బరోలో ఇల్లు చూశాను. రైలెక్కితే ఇటు కెటరింగ్ పది నిమిషాలు, అటు లెస్టర్ పావుగంట. ఊరి నడిమధ్యలో కర్ర స్తంభాల మీద నిలబెట్టిన 1614 నాటి పాత బడి ఉంది. దాని కింద నీడలో ఒకప్పుడు సంత జరిగేదట. మా ఊరి రచ్చబండ గుర్తొచ్చి అక్కడే కాసేపు కూర్చున్నాను. ఇల్లు రెండు బెడ్‌రూములు, నెలకు 1,000 పౌండ్లు.

అద్దెకు 30 రెట్లు ఏడాది జీతం ఉండాలన్నారు. నాది 31,049, ఆ లెక్క సరిపోయింది. కానీ క్రెడిట్ హిస్టరీ లేదు, మూడు నెలల పేస్లిప్పులు ఇంకా చేతికి రాలేదు. ఏజెంట్ రెండు దారులు చెప్పాడు. ఇక్కడ సొంతిల్లు ఉండి ఏడాదికి 36,000 పౌండ్లు సంపాదించేవాళ్లెవరైనా గ్యారంటర్‌గా సంతకం పెట్టాలి. లేదంటే ఆరు నెలల అద్దె అడ్వాన్స్ కట్టాలి. 6,000 పౌండ్లంటే మన లెక్కలో ఏడు లక్షల పైమాటే. నా గాజులు, అమ్మ గొలుసు కలిపి తాకట్టు పెడితే వస్తుంది. మే 1 నుంచి ఇలా అడగకూడదని కొత్త చట్టం వస్తోందని వార్డులో ఒకావిడ చెప్పింది. ఇప్పుడు నేనుంటున్న గదిలోకి పిల్లల్ని రానివ్వరు. కట్టేయనా, ఆగనా?

కొల్లేరు_కొంగ

కట్టొద్దమ్మా. 2019 కిరాయిదారుల ఫీజుల చట్టం ప్రకారం ఐదు వారాల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఏజెంట్ మోసం చేస్తున్నాడు.

పెన్నా_తీరం

కొంగ గారూ, మీరు చెప్పింది డిపాజిట్ గురించి. అమ్మాయి అడిగింది అద్దె గురించి. ఈ "అడ్వాన్స్" అనే మాటతోనే మనవాళ్లందరూ తికమక పడుతున్నారు. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్స్ అంటే ఖాళీ చేసేటప్పుడు తిరిగొచ్చే డబ్బు. ఇక్కడ దాన్ని డిపాజిట్ అంటారు, దానికే ఐదు వారాల పరిమితి. వెయ్యి అద్దెకు 1,153 పౌండ్లు అవుతుంది. ఇల్లు మనకోసం ఆపి ఉంచడానికి తీసుకునేది ఒక వారం అద్దె, అంటే 230. ఆరు నెలలు ముందే కట్టేది అద్దె. అది తిరిగి రాదు, నెలనెలా కరిగిపోతుంది. మే 1 లోపు సంతకం చేసే ఒప్పందంలో దాన్ని అడగడం ఇప్పటికైతే చట్టవిరుద్ధం కాదు. మే 1 నుంచి చేసే ఒప్పందాల్లో ఒక నెల అద్దెకు మించి ముందే అడగకూడదు.

అయినా సరే, కట్టొద్దనే చెప్తాను. నా అనుభవం వినమ్మా. 2012లో లింకన్‌షైర్‌లో ఇలాంటి సంత ఊళ్లోనే ఆరు నెలలు ఒకేసారి కట్టి ఇల్లు తీసుకున్నాను. మా ఊళ్లో చీటీ పాట పాడి పంపించారు నాన్న. జనవరిలో బాయిలర్ ఆగిపోయింది. 1985 ఓనరు-కిరాయిదారుల చట్టం సెక్షన్ 11 ప్రకారం బాగు చేయించాల్సింది ఓనరే. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అన్నాడు. మూడు వారాలు. మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. కెటిల్‌లో నీళ్లు కాచి స్నానం చేయించాం. నెలనెలా అద్దె తీసుకునేవాడైతే ఒకటో తారీఖు కోసమైనా ఫోన్ ఎత్తేవాడు. అప్పటికే మొత్తం అతని చేతిలో ఉంది కదా, ఎందుకు ఎత్తుతాడు?

ఓరుగల్లు_డాక్టరు

పెన్నా గారూ, మీకు జరిగింది తప్పే. కానీ ఆ ఒక్క ఓనర్ని చూపించి ఈ అమ్మాయికి ఇల్లు పోగొట్టకండి. నాకు కెటరింగ్‌లో రెండు చిన్న ఇళ్లున్నాయి, అద్దెకిస్తాను. ఓనరు వైపు నుంచి చెప్తున్నాను.

ఒక ఇంటికి పది మంది వస్తారు. ఎనిమిది మంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, వాళ్ల నాన్నో అత్తో వచ్చి గ్యారంటీ సంతకం పెడతారు. మిగతా ఇద్దరు మనలాంటివాళ్లు. మన చేతిలో ఇన్నాళ్లూ ఉన్న ఒకే ఒక్క ఆసరా ఏమిటంటే ముందే డబ్బు కట్టగలగడం. మే 1 నుంచి అదీ లేదు. ప్రకటించిన అద్దె కన్నా ఒక్క పౌండ్ ఎక్కువ ఇస్తానన్నా తీసుకోకూడదు. అప్పుడు ఓనరు ఎవర్ని ఎంచుకుంటాడు? ఆ చట్టం రాసినవాళ్లు మంచికే రాసి ఉంటారు. కొత్తగా దిగిన నర్సు సంగతి మాత్రం వాళ్లకు గుర్తొచ్చినట్టు లేదు. అమ్మా, డబ్బు పుట్టేటట్టయితే ఏప్రిల్‌లోనే సంతకం చేసేయ్.

విశాఖ_విహారి

హార్బరో ఎందుకండీ అసలు? లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్ చుట్టుపక్కల చూడండి. మన ఓనర్లు, మన కూరగాయలు, అన్నీ ఉంటాయి.

నల్లమల_నర్సు

అన్నా, నా డ్యూటీ పన్నెండున్నర గంటలు. లెస్టర్ నుంచి అయితే రైలు దిగి ఇంటికి చేరేసరికి బాబు నిద్రపోతాడు. అందుకే మధ్య ఊరు.

కొల్లేరు_కొంగ

పేరు ఏదైనా ఐదు వారాలకు మించి డబ్బు తీసుకుంటున్నారా లేదా? అది చెప్పండి చాలు.

పెన్నా_తీరం

కొంగ గారూ, పేరు ఏదైనా అంటే కుదరదు. డిపాజిట్ అయితే 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన మూడు పథకాల్లో ఒకదాంట్లో పెట్టాలి. పెట్టకపోతే ఓనరు డిపాజిట్‌కు మూడు రెట్ల దాకా జరిమానా కట్టాలి. ముందే కట్టిన అద్దెకు ఆ రక్షణ లేదు. రేపు ఓనరు దివాలా తీస్తే గాజులు, గొలుసు రెండూ పోవచ్చు. అందుకే మాటల దగ్గర ఇంత పట్టుబడుతున్నాను.

డాక్టరు గారూ, ఓనరుకి భయముంటే రెంట్ ఇన్సూరెన్స్ (కిరాయిదారు అద్దె ఎగ్గొడితే ఇచ్చే బీమా) కొనుక్కోవచ్చు. ఆ భయం ఖరీదు మార్కాపురంలో ఒక తల్లి మెడలోని గొలుసుతో ఎందుకు కట్టించాలి?

కృష్ణవేణి_ఇప్స్‌విచ్

డిపాజిట్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. చేరిన రోజే ప్రతి గోడ, కార్పెట్, ఓవెన్ లోపలి భాగం ఫోటోలు తీసుకో చెల్లీ. వంటగది తెల్ల రాయి మీద పసుపు మరక ఉందని మా దగ్గర 180 పౌండ్లు కోయబోయారు. మేం రాకముందే ఉందని ఫోటోతో తేలింది, మొత్తం తిరిగొచ్చింది.

ఓరుగల్లు_డాక్టరు

ఇన్సూరెన్స్ కొనుక్కోమని చెప్పడం సులువండీ. రెఫరెన్స్ (జీతం, క్రెడిట్ హిస్టరీ తనిఖీ) పాస్ కాని కిరాయిదారుకి ఆ ఇన్సూరెన్స్ కంపెనీలే పాలసీ ఇవ్వవు. గ్యారంటర్ ఉంటేనే ఇస్తాయి. మళ్లీ అక్కడికే వచ్చాం.

నా సంగతీ వినండి. మూడేళ్ల క్రితం మనవాళ్లే, మా జిల్లావాళ్లే, భార్యాభర్తలం ఇద్దరమే అన్నారు. కన్నీళ్లు పెట్టుకున్నారు. డబ్బు ముందే వద్దు, గ్యారంటర్ వద్దు అని తాళం ఇచ్చేశాను. ఐదు నెలల తర్వాత పక్కింటి ముసలాయన ఫోన్ చేశాడు. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఏడుగురు. రెండు కుటుంబాలు, ఐదుగురు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే హెచ్‌ఎంఓ (వేర్వేరు కుటుంబాలు కలిసి ఉండే ఇల్లు) లైసెన్సు కావాలి. కౌన్సిల్ నుంచి లెటర్ నాకొచ్చింది, వాళ్లకు కాదు. అందులో ఒక్కరికి ఇక్కడ ఉండే హక్కు లేకపోయినా, నేను కళ్లు మూసుకుని ఊరుకున్నానని తేలితే మనిషికి ఇంతని జరిమానా, ఇప్పుడైతే అది 10,000 పౌండ్ల దాకా. రాత్రుళ్లు నిద్రపోలేదు. చివర్లో అద్దె ఆపేశారు. కోర్టుకి పోయి ఇల్లు తిరిగి తీసుకునేసరికి తొమ్మిది నెలలు. ఇప్పుడు కొత్త చట్టంలో రెండు నెలలు కాదు, మూడు నెలల అద్దె బాకీ పడితేనే బాకీ కారణంగా కోర్టు తప్పనిసరిగా ఖాళీ చేయిస్తుంది, నోటీసు కూడా నాలుగు వారాలు. ఇంటి మీద లోను మాత్రం ఒక్క నెల ఆగదు. అప్పట్నుంచి ఆరు నెలలు ముందే కట్టినవాళ్లకే ఇస్తున్నాను. వాళ్లలో ఒక్కరూ నన్ను ఏడిపించలేదు.

మానేరు_బిడ్డ

డాక్టరమ్మా, ఆ ఏడుగురు ఒక్క ఇంట్లో ఎందుకు పడుకున్నరో ఎప్పుడైనా అడిగారా? నేను అట్లాంటి ఇంట్లోనే ఉన్నాను. 2023లో కేర్ వర్కర్‌గా వచ్చాను. వీసా కోసం ఊళ్లో ఎకరం అమ్మి వచ్చినవాణ్ణి ఆరు నెలల కిరాయి ఎక్కడి నుంచి తేవాలి? ఎవ్వరూ ఇల్లు ఇవ్వకపోతే ఇచ్చిన ఒక్కడి ఇంట్లో దూరతాం. తప్పే, కానీ బయట మంచు పడుతుంటది.

ఓరుగల్లు_డాక్టరు

మంచు పడితే అబద్ధం చెప్పి దూరతారా? వాళ్లు నిజం చెప్పి ఉంటే నేనే లైసెన్సు తీసుకునేదాన్నేమో. నన్ను దోషిని చేసి మాట్లాడకండి. ఇరవై రెండేళ్లుగా మనవాళ్లకు ఇక్కడ ఎంత చేశానో మీకు తెలియదు.

పెన్నా_తీరం

అద్దెలు తీసుకోవడం సేవ కాదండీ. ముందే డబ్బు గుంజడం అన్యాయం కాబట్టే చట్టం ఆపుతోంది. అమ్మాయికి హక్కు ఏమిటో చెప్పడం మన పని.

మానేరు_బిడ్డ

పెన్నా అన్నా, కోపం తెచ్చుకోవద్దు. మీరు చట్టం మంచిగ చెప్తారు. రెండేళ్ల కింద నేను ఇదే వేదికలో మీకు మెసేజ్ పెట్టాను, గ్యారంటర్ సంతకం కావాలని. మీకు సొంతిల్లు ఉంది, జీతం ఉంది. "చూద్దాం తమ్ముడూ" అన్నారు, తర్వాత జవాబు లేదు. డాక్టరమ్మ కనీసం పైసలు తీసుకుని అయినా ఇల్లు ఇస్తున్నది. ఈ చెల్లెకు ఏజెంట్ మొదట చెప్పిన దారి గ్యారంటర్. ఇంత మంది ఇన్ని మాటలు రాశారు. నేను పెడతా అని ఎవరన్నారు?

కొల్లేరు_కొంగ

తమ్ముడు మాట నిజం.

విశాఖ_విహారి

డబ్బు తీసుకుని గ్యారంటర్‌గా ఉండే కంపెనీలు కూడా ఉన్నాయి, అడిగి చూడండి.

పెన్నా_తీరం

మానేరు తమ్ముడూ, నువ్వన్నది నిజమే. జవాబు ఇవ్వకపోవడం నా తప్పు. కారణం ఇప్పుడు చెప్తాను, ఇంతవరకు ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

2019లో మా మండలం కుర్రాడికి సంతకం పెట్టాను. వాళ్ల నాన్న, నేను ఒకే బడిలో చదువుకున్నాం. అద్దె 850. నాలుగు నెలలు కట్టకుండా వేరే దేశం వెళ్లిపోయాడు. ఓనరు లెటర్ మా ఇంటికొచ్చింది. 3,400 పౌండ్లు నేను కట్టాను. మా ఆవిడ ఆ ఏడాది ఇండియా ప్రయాణం మానుకుంది. వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తే "పిల్లాడు కదా, వాడి మీద కేసు పెట్టొద్దు" అన్నాడు తప్ప డబ్బు ఊసు ఎత్తలేదు. అప్పట్నుంచి ఎవరు అడిగినా చేతులు రావడం లేదు.

ఓరుగల్లు_డాక్టరు

నేను ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నది ఇదే కదండీ! మీరు సంతకానికి భయపడితే అది గాయం. నేను తాళానికి భయపడితే గుంజడమా? ఎవరో ఒకరు నష్టం మోయాలి. మీరు మోయరు, నేను మోయను. అందుకే ఆ గొలుసు తాకట్టుకి పోతోంది.

పెన్నా_తీరం

అయినా రెండూ ఒకటి కాదు. మీకు అద్దె వస్తుంది, ఆ వ్యాపారంలో నష్టభయం ఉంటుంది. నాకు వచ్చేదేమీ లేదు. కానీ తమ్ముడు అడిగినదానికి ఇది జవాబు కాదని నాకూ తెలుసు.

మానేరు_బిడ్డ

చెల్లే, నాకు ఇప్పుడు స్థిరంగా పని ఉంది, కిరాయి ఒక్క నెల తప్పలేదు. నేను సంతకం పెడతా. కానీ నా జీతం 25,000 దాటదు, సొంతిల్లు లేదు. ఏజెంట్ ఒప్పుకుంటడా అడిగి చూడు.

నల్లమల_నర్సు

అన్నా, అడిగాను. 36,000 ఉండాల్సిందే అన్నాడు. మీరు ఆ మాట అన్నందుకు రాత్రి డ్యూటీలో విరామంలో కూర్చుని ఏడ్చాను.

ఇంటి కోసం 230 పౌండ్లు శుక్రవారం లోపు కట్టాలి. మూడు నెలల అద్దె ముందే కడితే ఒప్పుకుంటారా అని ఓనర్ని కనుక్కోమన్నాను. డాక్టరు గారూ, మీరైతే ఒప్పుకుంటారా?

ఓరుగల్లు_డాక్టరు

నర్సు ఉద్యోగం, మూడు నెలల అద్దె, మీ ఆయన ఉద్యోగం లెటర్. నేనైతే ఒప్పుకుంటాను. ఆ లెటర్ కూడా ఏజెంటుకి పంపు, ఇద్దరి జీతం కలిపి చూడమను. ఇంకో మాట, ఎవరైనా పూచీ ఉంటానంటే, ఆ సంతకం పెట్టేవాళ్ల కోసం చెప్తున్నా: పత్రంలో గరిష్ఠ మొత్తం, గడువు రాయించుకోవాలి. అవి లేని పత్రంలో సంతకం పెడితే అద్దె పెరిగినా, ఏళ్లు గడిచినా బాధ్యత వదలకపోవచ్చు.

పెన్నా_తీరం

అమ్మా, ఆ గ్యారంటీ పత్రం నమూనా ఏజెంట్ దగ్గర తీసుకుని నాకు మెసేజ్‌లో పంపు. మాట ఇవ్వడం లేదు. డాక్టరు గారు చెప్పినట్టు మొత్తం, గడువు అందులో రాస్తారేమో చదువుతాను. ఈ రాత్రి మా ఆవిడతో మాట్లాడి, శుక్రవారం కన్నా ముందే అవుననో కాదనో తప్పకుండా జవాబు రాస్తాను.