‘నగుచుండు నొక్కచోట’కు ముందు ‘ఒత్తిలి’యా, ‘ఒంటిగ’నా?

అరసున్న: నిన్న రాత్రి ‘టాక్ టు మీ’ (2022) చూశాను, ఆస్ట్రేలియా దయ్యాల సినిమా. 17 ఏళ్ల మియా, ఆమె స్నేహితులు కొవ్వొత్తి వెలిగించి, ఒక తెగిన చేతిని కరచాలనం చేసినట్టు పట్టుకుంటారు. మొదట ‘నాతో మాట్లాడు’ అనాలి, తర్వాత ‘నిన్ను లోపలికి రానిస్తున్నాను’ అనాలి. 90 సెకన్లు దాటకుండా చెయ్యి విడిపించాలి. పూనినవాడు వికవికలాడుతుంటే చుట్టూ ఉన్న పిల్లలు ఫోన్లలో తీస్తూ అంతకంటే గట్టిగా నవ్వుతారు. అక్కడ పోతన భాగవతంలోని ప్రహ్లాదుడి సీసపద్యం గుర్తొచ్చింది, ఇక సినిమా మీద మనసు నిలవలేదు. ‘విష్ణు డింతియ కాని వేరొండు లేదని’ తర్వాత నా నోటికి ‘యొంటిగ నగుచుండు’ అని వస్తోంది. సరేనా? ఇంకొకటి. సినిమాలోని ఆ రెండో మాటకు, ‘రానిస్తున్నాను’కు, తెలుగు ఉపశీర్షిక రాయాలి. పూనడమా, ఆవహించడమా, పట్టడమా?

గణవిభజన: ‘యొత్తిలి నగుచుండు నొక్కచోట’. మరో పాఠం నేను ఎరగను.

అరసున్న: ‘యొంటిగ’ కూడా భగణమే (ఒక గురువు, రెండు లఘువులు) కదండీ. యతి ‘ఒ’కు కాబట్టి అదీ కుదురుతుంది. ఛందస్సు నన్ను తప్పు పట్టడం లేదు.

గణవిభజన: ఛందస్సు ఊరుకున్నంత మాత్రాన పోతన ఊరుకుంటాడా? ఏడవడం దగ్గరే ‘యొక్కఁడు నేడ్చుచు నుండు’ అనేశాడు. నవ్వుకు మళ్ళీ ఒంటరితనం ఎందుకు?

పాతప్రతి: సంస్కృత మూలం చూడరేం? ‘నదతి క్వచిదుత్కంఠో’. ఉత్కంఠః, గొంతెత్తి. అదే ఒత్తిలి. తేలిపోయింది.

అరసున్న: తేలలేదు. అక్కడ గొంతెత్తింది అరవడానికి. నవ్వు అంతకుముందే ‘క్వచిద్ధసతి’లో అయిపోయింది. పోతన రెండింటినీ కలిపేశాడంటారా?

పాతప్రతి: కలిపాడనే అంటాను. అసలు మీ దయ్యాలకు కావలసిన శ్లోకం దానికి కాస్త పైన ఉంది: ‘కృష్ణగ్రహగృహీతాత్మా’. ఇక్కడ గ్రహమంటే శనీ కాదు, గురుడూ కాదు, మనిషిని పట్టేది. పిల్లవాణ్ణి కృష్ణుడు దయ్యంలా పట్టాడని వ్యాసుడు జంకకుండా అన్నాడు. పోతన ‘పానీయంబులు ద్రావుచున్’ పద్యంలో ఆ పట్టు వదిలేసి ‘చింతామృతాస్వాదసంధానుండై’ అన్నాడు. పట్టుబడ్డవాడు కాస్తా రుచి మరిగినవాడయ్యాడు! ఈ ఒక్క మార్పు చాలు నాకు, జీవితాంతం చదువుకోవడానికి.

గణవిభజన: ఆ పద్యంలో నాకు ‘మఱచెన్’ ఇష్టం. తాగుతూ, తింటూ, మాట్లాడుతూ, ఇన్ని చేస్తూ మరచిపోయాడట.

కాడిమేడి: ‘పూను’ను ఎవరూ పట్టించుకోలేదు. రథానికి గుర్రాలను పూన్చడం అదే ధాతువు. అమ్మవారు పూనిందంటే మనిషిని కాడికి కట్టిందని అర్థం, పూనకం అక్కడిదే. మనిషే పూనుకుంటే పూనిక. ఈ సినిమా పిల్లలది పూనకం కాదు, పూనిక. కోరి మెడ వంచారు.

పాతప్రతి: వినడానికి బాగుంది. నిఘంటువులో మొదటి అర్థం వహించడం, ధరించడం. కాడి తర్వాతి సంగతి.

కాడిమేడి: ధరించడమైనా నాకే లాభం. ఎవరు ఎవరిని ధరించారన్నదేగా ఇక్కడి తగువు.

తలుపుగొళ్ళెం: ‘పట్టు’ను ఎందుకు కాదంటున్నారు? చెయ్యి పట్టుకున్నది మియా, పట్టింది దయ్యం. చిన్నవాడు రైలీ నోట తన చనిపోయిన తల్లి పలికేసరికి మియా గడువు సంగతే మరచిపోతుంది. అప్పుడు ఎవరి పట్టు ఎవరి మీద ఉన్నట్టు? ఒకే క్రియ రెండు వైపులా తెగుతుంది. ‘ఆవేశించు’ పనికిరాదు. నలుణ్ణి కలి ఆవేశించాడంటే వెనకటివాళ్లకు అర్థమయ్యేది, ఇప్పుడు ఆవేశమంటే సభలో బల్ల గుద్దడమే.

అరసున్న: అయితే ‘నన్ను పట్టు’ అని రాయనా? ఆటలో బంతి విసిరినట్టు ఉంటుందేమో. ‘నాలోకి రా’ అంటే అనుమతి పోయి ఆజ్ఞ మిగులుతుంది. ‘రానిస్తున్నాను’లో ఉన్న ఆ ‘ఇవ్వడం’ నాకు కావాలి, కానీ ఆ వయసు పిల్లలు భయంతో నవ్వుతూ అంత పొడుగు మాట అంటారా?

గణవిభజన: అది మీరు తేల్చుకోండి. ముందు పైన రాసింది దిద్దండి. ‘వేఱొండు’లో బండి ఱ. పేరేమో అరసున్న, ‘విష్ణుఁడు’లో అరసున్ననే మింగేశారు.

పాతప్రతి: బండి ఱ ఊసెత్తారు కాబట్టి అడుగుతున్నా, ‘మఱచు’కూ ‘మఱుఁగు’కూ చుట్టరికం ఉందంటారా?