మూడు సిఫార్సు లేఖలు ఎక్కడి నుంచి తేవాలి?

నమస్కారమండీ. మాది పలాస పక్కన పల్లె. జిల్లాలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేద్దామంటే చాలాచోట్ల మూడు సిఫార్సు లేఖలు అడుగుతున్నారు. నాకు పాఠం చెప్పిన ఇద్దరు లేడీ లెక్చరర్లు ఉద్యోగం మానేశారు. ఉన్న సారేమో "నువ్వే రాసి తెచ్చుకోమ్మా, సంతకం పెడతా" అన్నారు. పాపం ఆయన తప్పు కూడా కాదు, అన్ని సెక్షన్ల పేపర్లూ దిద్దుకుంటూ ఉంటే ఎవరెవరో ఎలా గుర్తుంటారు? ఆయనకు జీమెయిల్ తప్ప కాలేజీ మెయిల్ లేదు. అది కొడితే ఫారంలో ఎర్రక్షరాలు, 'సంస్థ ఈమెయిల్ ఇవ్వండి' అని.

ఇంకో చిక్కు. లేఖను చూసే హక్కు వదులుకుంటారా అని అందులో ఒక గడి ఉంది. 1974లో అమెరికాలో చేసిన చట్టం ఇచ్చిన హక్కట. నేనే రాసుకున్న లేఖకు అక్కడ టిక్కు ఎలా పెట్టను? అబద్ధమే కదా!

ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష జామ్ రాసి ఐఐటీలో చేరేవాళ్లని ఈ లేఖలు అడగరు, ర్యాంకే చూస్తారు. ఆ పద్ధతే నయమనిపిస్తోంది.

మనలాంటి కాలేజీల నుంచి వెళ్లినవాళ్లు ఎలా నెట్టుకొచ్చారు? జీమెయిల్ గురించి యూనివర్సిటీకి ముందే రాస్తే ఒప్పుకుంటారా? ప్రాజెక్టు చేయించిన ల్యాబ్ ఇన్‌ఛార్జి లేఖ చెల్లుతుందా?