కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మడానికి సలహా కావాలి

అందరికీ నమస్కారం. మా పిన్నికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. కొండపల్లిలో బొమ్మలు చేస్తుంది. తెల్ల పొణికి కర్ర చెక్కడం, ముక్కలు అతికించడం, చింతగింజల మక్కు పట్టించడం, రంగులు, అన్నీ తనే. తన దశావతారాల సెట్ చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ దుకాణాల వాళ్లిచ్చే రేటుకి కూలి కూడా గిట్టడం లేదు. అందుకే నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మిద్దామనుకుంటున్నాను.

అసలు ఇబ్బంది ఫోన్. కస్టమర్లు, కొరియర్ వాళ్లు కాల్ చేస్తారు. నేను ఉద్యోగంలో ఉంటాను, ప్రతిసారీ ఎత్తలేను. పిన్ని వాట్సాప్‌లో తెలుగు మెసేజ్‌లు చక్కగా చదువుతుంది, రాస్తుంది. మెసేజ్‌లతోనే పికప్, రిటర్న్ అన్నీ నడిచే సైట్ ఎవరైనా వాడుతున్నారా?

జీఎస్టీ సంగతి కూడా చెప్పండి. 2023 అక్టోబర్ నుంచి చిన్న అమ్మకందారులు రిజిస్ట్రేషన్ లేకుండా, ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో సొంత రాష్ట్రంలో ఇలాంటి సైట్లలో అమ్ముకోవచ్చు. మరి మమ్మల్ని అడిగేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లే! వాళ్లకు పంపాలంటే రిజిస్ట్రేషన్ తీసుకోక తప్పదా?

అంబారీ ఏనుగు తొండం, కృష్ణుడి చేతులు దారిలో విరగకుండా ఎలా ప్యాక్ చేస్తున్నారు? దివ్యాంగులు తమ వస్తువులు అమ్ముకునే దివ్య కళా మేళాలో స్టాల్ పెట్టినవాళ్లుంటే దరఖాస్తు ఎలా చేశారో చెప్పండి. పిన్నికి యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు ఉంది.

ఇంకొకటి. పేజీలో తన వైకల్యం గురించి రాయొద్దని పిన్ని గట్టిగా చెప్పింది, బొమ్మ నచ్చితేనే కొనాలంటుంది. నాకూ అదే సబబనిపిస్తోంది. కాబట్టి జాలి కథ రాయమనే సలహాలు మాత్రం వద్దండి.